దూబగుంట ఆడవాళ్ళకు పదికి నాలుగు మార్కులు

నిన్న సాయంత్రం మా మేనకోడలి వ్యాసరచన కాగితం చూసినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఎనిమిదో తరగతి పిల్ల. బడిలో ఇచ్చిన అంశం ‘సమాజాన్ని మార్చిన మహనీయులు’. తక్కిన పిల్లలు ఏటా రాసే పేర్లే ఈ ఏడూ రాసి ఊరుకుంటే, ఇది మాత్రం నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాన్ని ఎలా మూయించారో అమ్మమ్మను అడిగి తెలుసుకుని మూడు పేజీలు రాసింది. దిద్దిన పెద్దమనిషి పదికి నాలుగు మార్కులు వేసి, కింద ఎర్ర సిరాతో ‘అంశానికి దూరం. ఒక మహనీయుని గురించి రాయవలెను. మద్యనిషేధం తెచ్చినది ఎన్.టి. రామారావు గారు’ అని తీర్పు చెప్పారు. పిల్ల ఏడవలేదు, నాకే కోపం ఆగలేదు.

రామారావు గారు సంతకం పెట్టలేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. 1994 డిసెంబరు 12న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే ఆయన మద్యనిషేధం దస్త్రం మీద సంతకం చేశారు, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. అయితే ఆ దస్త్రం ఆకాశం నుంచి ఊడిపడి ఆ బల్ల మీద వాలిందా? అంతకు ఏడాది ముందే, 1993 అక్టోబరు 1 నుంచి, కోట్ల విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదన్న సంగతి దిద్దినవారికి తెలుసా? దానికీ ముందు, ఏప్రిల్ 15న, నెల్లూరు జిల్లా ఒక్కదానిలో నిషేధం పెట్టవలసి వచ్చిందని తెలుసా? రాష్ట్రంలో అన్ని జిల్లాలుండగా నెల్లూరుతోనే ఎందుకు మొదలైందన్న ప్రశ్న మా ఎనిమిదో తరగతి పిల్లకు వచ్చింది కానీ ఆయనకు రాలేదు.

ఇంకొక ముచ్చట కూడా ఉంది, దాన్ని మనవాళ్ళు ఎంత సౌకర్యంగా మరచిపోయారో చూస్తే ముచ్చటేస్తుంది. 1980లలో సారాను ప్యాకెట్లకెత్తి, ‘వారుణి వాహిని’ అని కావ్యంలోంచి తీసినంత అందమైన పేరు పెట్టి, పల్లెపల్లెకూ పారించింది కూడా రామారావు గారి ప్రభుత్వమే. మంచినీళ్ళ కోసం ఆడవాళ్ళు బిందెలతో మైళ్ళు నడిచే ఊళ్ళకు సైతం సారా మాత్రం ఇంటి గుమ్మం దాకా నడిచి వచ్చేది. వేలం పాటలో దుకాణాలు దక్కించుకున్న కాంట్రాక్టర్లకు లాభం, ఖజానాకు ఆబ్కారీ రాబడి, మధ్యలో ఉన్నవాళ్ళకు మామూళ్ళు. పొద్దంతా పొలంలో ఒంగి నాట్లు వేసిన మనిషి కూలి డబ్బులు ఇల్లు చేరకముందే ఆవిరైపోయేవి, ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు తినే వంతు మళ్ళీ ఆ నాట్లు వేసిన మనిషిదే.

ఇక ఆ మార్కులు రాని మూడు పేజీలలో ఉన్నదేమిటో నేను చెబుతాను. 1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ అనే సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. జిల్లా యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు రాత్రిబడులు నడిపారు. పగలంతా పనికి పోయివచ్చి, పొయ్యి ఆర్పి, పిల్లలను పడుకోబెట్టిన తరువాత పలక పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు వాళ్ళు, చాలామంది దళిత, వెనుకబడిన కులాల వ్యవసాయ కూలీలు. వాళ్ళ వాచకంలో అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని ఆగిపోకుండా, తాగుబోతు మొగుడి వల్ల బతుకు బుగ్గైన సీతమ్మ కథ పెట్టారు. ఆ కథ చదివిన ఊళ్ళలో అది ఎవరి కథో అడగవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు కూడబలుక్కుని ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. అప్పుడు ఆ సంగతే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పేరుతో పాఠమై తక్కిన ఊళ్ళకు చేరింది. కూడబలుక్కుని చదువుతున్న ఆడవాళ్ళు, తమలాంటి ఆడవాళ్ళే పక్క మండలంలో చేసిన పనిని అచ్చులో చూశారు. మరుసటి రోజు చేతిలో చీపురు, కొంగున కారం మూట కట్టుకుని వాళ్ళూ దుకాణం మీదకు వెళ్ళారు. ప్యాకెట్లు తెచ్చిన బండ్లను ఊరి పొలిమేర నుంచే తిప్పి పంపారు. తాగి వచ్చినవాడికి అన్నం పెట్టేది లేదన్నారు. 1992లో సారా వేలం పాటలు జరగకుండా జిల్లా కేంద్రంలోనే అడ్డం కూర్చుంటే, అధికారులు పాటను మళ్ళీ మళ్ళీ వాయిదా వేసుకోవలసి వచ్చింది. అక్కడి నుంచి అది ప్రకాశం, చిత్తూరు, తక్కిన రాయలసీమ, తెలంగాణ జిల్లాలకు పాకింది. ఎన్నికల ముందు ఏ పార్టీ అయినా ఆ ఆడవాళ్ళ వైపు చూడకుండా ఉండలేని స్థితి అలా వచ్చింది. దాని చిట్టచివర జరిగిన పని పేరు సంతకం. సొమ్మొకరిది సోకొకరిది అనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ కావాలా?

పోనీ, ఆడవాళ్ళను తలచుకునేటప్పుడైనా సవ్యంగా తలచుకుంటామా అంటే అదీ లేదు. దూబగుంట రోశమ్మ గారి పేరు చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే, ఆమె ముందు నిలిచిన మనిషి. కానీ అక్కడ కూడా ఒక్క పేరు దొరికిందంటే చాలు, ఆమె వెనుక కాదు, ఆమె పక్కన నిలబడినవాళ్ళందరినీ ‘తదితరులు’ చేసేస్తాం. పత్రికలవాళ్ళకు ఒక ఫొటో చాలు, ఉపన్యాసకులకు ఒక పేరు చాలు, పరీక్ష పెట్టేవారికి ఒక మార్కు ప్రశ్న చాలు.

ఇది నాకు ఈ రోజు పుట్టిన కోపం కాదు. నేను చదువుకున్న రోజుల్లో కందుకూరి వీరేశలింగం గారి పాఠం బట్టీ పట్టించారు: 1881 డిసెంబరు 11, రాజమహేంద్రవరం, మొదటి వితంతు వివాహం. ఆయన గొప్పతనంలో నాకు అణువంత సందేహం లేదు. కానీ ఊరంతా వెలివేసి, వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రామని మొరాయించినప్పుడు, గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసి పెళ్ళివారికి వండి వార్చిన ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారి గురించి ఆ పాఠంలో ఒక్క ముక్క లేదు. ఇక ఊరు ఊరంతా శాపనార్థాలు పెడుతుంటే పీటల మీద కూర్చున్న ఆ పెళ్ళికూతురి పేరు మా పుస్తకంలో నాకు కనబడనే లేదు. అందరికంటే ఎక్కువ తెగించినది ఎవరండీ, తాళి కట్టించిన ఆయనా, కట్టించుకున్న ఆ పిల్లా? నేను తరగతిలో ఈ ప్రశ్న అడిగితే మాస్టారు కూర్చోమన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరికి వెళ్ళినా ఇదే వరస. 1847 నుంచి 1852 దాకా గోదావరిలో రాళ్ళు మోసిన వేలమంది కూలీలకు కాటన్ దొర విగ్రహం నీడైనా దక్కలేదు.

‘అయితే ఏమిటి, పిల్లలకు సులభంగా గుర్తుండాలి కదా’ అని నాతో వాదించడానికి వచ్చే మేధావులు ఇక్కడ ఉన్నారని తెలుసు. సులభమే, ఆ సులభమే మనకు చేటు చేసింది. నిషేధం లక్షలమంది ఆడవాళ్ళు గెలుచుకున్నదని జనానికి గుర్తుండి ఉంటే, దాన్ని తీసేయాలంటే ఆ ఆడవాళ్ళకే సమాధానం చెప్పుకోవలసి వచ్చేది. ఒక నాయకుడు పెట్టిన భిక్ష అని నమ్మించారు కాబట్టి, 1997లో చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం నిషేధాన్ని సడలించినప్పుడు అది ఒక నాయకుడి నిర్ణయాన్ని ఇంకొక నాయకుడు మార్చిన మామూలు పరిపాలనా వ్యవహారమైపోయింది. ఖజానా ఖాళీ అన్నారు, అందరూ తలలూపారు. వరమిచ్చిన దేవుడు వేరు, వరం వెనక్కి తీసుకున్న దేవుడు వేరు, మధ్యలో చీపుళ్ళు పట్టిన భక్తులతో ఎవరికి పని?

2019లో ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీగా మద్యనిషేధం చేస్తామని మళ్ళీ ఒక ప్రభుత్వం వచ్చింది, దశలు దశలుగానే మిగిలిపోయాయి. 2024 అక్టోబరులో ఇంకొక ప్రభుత్వం ప్రైవేటు మద్యం దుకాణాలకు లాటరీ తీసింది. ఒకప్పుడు వేలం పాటను నిలబెట్టి ఆపిన నెల్లూరు జిల్లాలో కూడా తీశారు, దరఖాస్తుదారులు బారులు తీరారు. ఆ జిల్లా ఆడవాళ్ళ అభిప్రాయం అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది, వాళ్ళు అంశానికి దూరం కదా.