సూదిలో మందే లేదు చిన్నమ్మా

ఇప్పుడే కాజీపేట నుంచి వచ్చాను. ఎవరేమనుకున్నా సరే, ఇది రాయకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

మా చిన్నమ్మ కొడుకు, ఇరవై రెండేళ్లవాడు, టీవీ ప్లగ్గు పీకేసి దాని మీద దుప్పటి కప్పి మూలకు కూర్చున్నాడు. టీవీలో వాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారట. చెవుల నిండా చిన్న చిన్న ప్లాస్టర్ ముక్కలు. గోకీ గోకీ ఒకచోట రక్తం గడ్డకట్టింది. "ఏంది తమ్మీ ఇది?" అంటే "తియ్యొద్దన్నరు అక్కా" అన్నాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

గంజాయితో మొదలైంది వాడి కథ. పోయినేడు చెవుల్లో గొంతులు వినిపిస్తున్నాయంటే మానసిక డాక్టర్‌కి చూపించాం, గోలీలు రాశారు. నాలుగు నెలల్లో మనిషి మనిషయ్యాడు. బరువు పెరిగాడు, పొద్దెక్కేదాకా పడుకునేవాడు, అది నిజమే. కానీ బతుకమ్మకు నాతో పాటు తంగేడు పువ్వు కోయడానికి వచ్చాడు. నాకు అది చాలు.

ఆ తర్వాత ఎవరో చెప్పారని చిన్నమ్మ వాణ్ణి ఒక ఆక్యుపంక్చర్ సెంటర్‌కి తీసుకెళ్లింది. పేరు రాయను. "గోలీలు నరాలను చంపుతాయి, ముందు అవి బంద్ చేయండి. పది సిట్టింగులు చాలు" అన్నారట. బంద్ చేసింది. ఇరవై రోజులైంది. నాకు ఒక్క ఫోన్ కూడా చేయలేదు.

చిన్నమ్మను ఎంత తిట్టాలనుకున్నా నోరు రాలేదు. మన దగ్గర సూది అంటే ఇంజెక్షనే కదా. జ్వరం వచ్చినా, నడుం నొప్పి వచ్చినా ఊళ్లో డాక్టర్ సూది వేస్తేనే మనకు నమ్మకం. గోలీలు రాసి పంపిస్తే "సూది కూడ వెయ్యలే" అని అలుగుతాం. ఆ నమ్మకం మీదే వీళ్లు బతుకుతున్నారు. "సూదులేస్తుండ్రు గద బిడ్డా, ఇంక గోలీలెందుకు?" అంటుంది చిన్నమ్మ. ఆ సూదిలో మందే లేదు చిన్నమ్మా, ఉత్త సూది!

అక్కడ గోడ మీద చెవి బొమ్మ, దాని మీద ఐదు చుక్కలు ఉన్నాయట. ఆ ఐదు చుక్కల సంగతి నాకు తెలుసు, వీడి కోసమే అప్పట్లో చదివాను. 1972లో హాంకాంగ్‌లో వెన్ అనే మెదడు సర్జన్, ఆపరేషన్‌కి ముందు నొప్పి తెలియకుండా ఉండాలని సూదులకు కరెంటు పెడితే, ఆ రోగికి నల్లమందు మానేసిన బాధ తగ్గినట్టు కనిపించింది. అది న్యూయార్క్‌లో లింకన్ హాస్పిటల్‌కి చేరి చెవిలో ఐదు సూదుల పద్ధతి అయింది. తర్వాత అమెరికాలో 620 మంది కొకైన్ అలవాటున్న వాళ్ల మీద దాన్ని పరీక్షించారు, ఫలితాలు 2002లో వచ్చాయి. కొందరికి సరైన చోట సూదులు, కొందరికి వేరే చోట, కొందరికి ఉత్తగా కూర్చోబెట్టి ప్రశాంతమైన వీడియోలు. మూడు గుంపుల్లోనూ వాడకం కొంత తగ్గింది, సూదుల వల్ల అదనంగా తగ్గిందేమీ లేదు. అరగంట ప్రశాంతంగా కూర్చుంటే మనసుకు హాయి అనిపిస్తుంది, కాదనను. గోలీలు వేసుకుంటూ సూదులు కూడా వేయించుకుంటే నేను అడ్డం పడను. కానీ గోలీలు బంద్ చేయమనడానికి వాళ్లెవరు? గొంతులు మళ్లీ మొదలైన రాత్రి వాళ్లొచ్చి వాడి పక్కన కూర్చుంటారా?

అసలు నా కోపం ఈరోజుది కాదు. లాక్‌డౌన్‌లో కల్లు బంద్ అయినప్పుడు మా చిన్న మేనమామ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారని మన దగ్గర తెలియనిదెవరికి? అవి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, డాక్టర్ దగ్గర మెల్లమెల్లగా తగ్గించాలి. మూడో రోజు మామ గోడ మీద లేని చీమలను ఏరడం మొదలుపెట్టాడు. గాలి సోకిందని అమ్మమ్మ వేపమండలు తెచ్చింది. దవాఖానకు పోదామని నేను మొత్తుకుంటే మా పెద్ద మేనమామ అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది: "ఎర్రగడ్డ కేసంటరే, మన ఆడపిల్లలకు సంబంధాలొస్తయా?" అప్పుడు నిజంగానే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక దవాఖాన ముందు కల్లు, మందు దొరకని వాళ్లు బారులు తీరి ఉన్నారు. మా మామ మాత్రం స్నానాల బండ మీద ఫిట్స్ వచ్చి పడ్డాడు. రెండు పళ్లు పోయాయి. నాలుక కొరుక్కున్న గాటు ఇంకా అట్లాగే ఉంది.

అప్పుడు వేపమండలు, ఇప్పుడు సూదులు. ఎక్కడికైనా పోతాం, ఎంతైనా పెడతాం, మానసిక డాక్టర్ ఓపీ ముందు మాత్రం ఎవరి కంటా పడకూడదు మనకు. ఆ సిగ్గే పిల్లల్ని తింటోంది. ఇంట్లో ఇట్లాంటి పిల్లలున్న వాళ్లు 14416 రాసి పెట్టుకోండి, టెలీ మానస్. మత్తు మానిపించడానికైతే 14446. రెండూ సర్కారువే, పైసా అడగరు.

తమ్ముడికి మానసిక డాక్టర్ రాసిన పాత చీటీ దొరికింది, బియ్యం డబ్బా కింద పరిచిన పేపర్ల మధ్య. రేపు పొద్దున్నే వాణ్ణి నేనే తీసుకెళ్తున్నాను. బయల్దేరేటప్పుడు గేటు దగ్గర చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "ఎవరన్న అడిగితే కండ్ల దవాఖానకని చెప్పు బిడ్డా" అంది. చెప్పను. చీటీ మీద ఏ డాక్టర్ పేరుంటే ఆ డాక్టర్ దగ్గరికే అని చెప్తాను.