మహారాజశ్రీ స్లేటర్ మిల్లు గారి సముఖానికి

మహారాజశ్రీ స్లేటర్ మిల్లు గారికి,
పాటకెట్, రోడ్ ఐలండ్.

నమస్కారాలు. నూలు వడికే మిల్లుగా పుట్టి అమెరికా పరిశ్రమలకే పుట్టిల్లయింది తమరేనట కదా. ఆ పురిటి సంగతులు కాస్త మాట్లాడుకుందాం.

మీ పెద్దాయన శామ్యూల్ స్లేటర్ ఇంగ్లండులో ఆర్క్‌రైట్ తయారుచేసిన నూలు వడికే యంత్రాల దగ్గర పని నేర్చాడు. నూలు పని తెలిసినవాళ్ళు దేశం దాటకూడదని అక్కడ చట్టం. ఆయన 1789లో రైతుకూలీ వేషం వేసి ఓడెక్కేశాడు. నక్షాలన్నీ బుర్రలోనే. సొంతూరు బెల్పర్‌లో ఆయన్ని ద్రోహి అన్నారు. ఇక్కడేమో ప్రెసిడెంటు జాక్సన్ అమెరికా పరిశ్రమల పితామహుడన్నాడు. సరుకు ఏ ఒడ్డున దిగితే ఆ ఒడ్డు బిరుదు! మేధోసంపత్తి హక్కుల మీద మీ దేశం లోకానికి క్లాసులు పీకుతుంటే తమరికి నవ్వు రాదా?

పెట్టుబడి పెట్టిన మోజెస్ బ్రౌన్ గారంటే నాకు మరీ గౌరవం. క్వేకర్, అంటే బానిసత్వం వద్దన్న క్రైస్తవ శాఖవాడు. తన బానిసలను 1773లోనే విడిచిపెట్టాడు. బానిసల వ్యాపారం చేసే సొంత అన్నతోనే తగువు పడ్డాడు. మరి మీ కదుళ్ళకెక్కిన పత్తి ఏరిందెవరండీ? యంత్రాల రొదలో ఆ ప్రశ్న ఆయనకు వినపడలేదేమో.

1790 డిసెంబరులో బ్లాక్‌స్టోన్ నది నీళ్ళతో యంత్రాలు తిరిగాయి. 1793లో తమరు లేచారు. తొలి పనివాళ్ళు తొమ్మిదిమంది, అందరూ పన్నెండేళ్ళు దాటని పిల్లలే. వాళ్ళ చదువు పాడవుతుందని స్లేటర్ గారికి ఎంత బెంగో! సండే స్కూలు పెట్టించారు. తర్వాత కుటుంబాలకు కుటుంబాలనే పనిలోకి దింపారు. కూలి చాలావరకు కంపెనీ కొట్టు సరుకుల్లోనే తీరిపోయేది.

1824లో పాటకెట్ మిల్లుల యజమానులంతా కూడబలుక్కుని పనిలో ఒక గంట పెంచారు, నేత పనిచేసే ఆడవాళ్ళ కూలిలో పాతిక శాతం కోశారు. వాళ్ళు మగ్గాలు వదిలేసి బయటికి నడిచారు. అమెరికా ఫ్యాక్టరీల్లో అదే తొలి సమ్మె అంటారు. అదీ తమరి బిరుదుల్లో కలుపుకోండి, మొహమాటమెందుకు?

1829లో అప్పుల టెన్షన్ తట్టుకోలేక స్లేటర్ గారే తమరిలో వాటా అమ్ముకున్నారు. 1890లు దాటేసరికి తమరి దగ్గర పత్తి పని ఆగిపోయింది. ఆ తర్వాత న్యూ ఇంగ్లండ్ మిల్లుల పని చాలావరకు దక్షిణాదికి తరలిపోయింది. అక్కడ పత్తి పక్కనే, కూలి తక్కువ, యూనియన్ల గోల లేదు. తమరు నేర్పిన లెక్కే కదండీ, బాధపడితే ఎలా?

ఇప్పుడు మ్యూజియం హోదాలో హాయిగా ఉన్నారని విన్నాను. ఈ ఉత్తరం మీ పాత పనివాళ్ళకు వినిపించాలనుకుంటే మాత్రం ఆదివారమే చదవండి. మిగతా ఆరు రోజులూ ఆ పిల్లలకు ఖాళీ ఉండదు.

ఇట్లు,
కాటన్ చొక్కా వేసుకున్న ఒక విధేయుడు