‘ఆగితే కొట్టం’ అన్న మాట నమ్మేదెవరు?

అమెరికా బాంబు దాడులకు బదులుగా 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ క్షిపణులు ఖతర్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరం మీదికి వచ్చాయి. కువైట్, బహ్రెయిన్, యూఏఈ కూడా కాసేపు గగనతలం మూసేశాయి. ఉమ్మడి కడప జిల్లాకు అది పరాయి దేశపు వార్త కాదు. రాయచోటి, రాజంపేట వైపు ఊళ్ల నుంచి డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇంటి పనులకు కువైట్ వెళ్లినవాళ్లు ఎందరో. ఇరాన్‌ను బెదిరిస్తూ ట్రంప్ పెట్టే ఒక్కో పోస్టూ ఇక్కడి ఇళ్లలో టెన్షనే. అయినా ఇదే కడపలో టీ కొట్ల ముందు ‘అట్లా గట్టిగా బెదిరిస్తేనే దారికొస్తారబ్బా’ అనేవాళ్లకూ కొదవ లేదు.

ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. బెదిరింపు పనిచేసిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. ఎప్పుడు పనిచేసింది, ఎప్పుడు బెడిసికొట్టింది అన్నదే ప్రశ్న. సంఘర్షణలు, సహకారం మీద చేసిన కృషికి 2005లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న థామస్ షెల్లింగ్ ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. ‘ముందుకొస్తే కొడతా’ అన్న మాటకు బలం రావాలంటే, ‘ఆగితే కొట్టను’ అన్నది కూడా అవతలివాడు నమ్మాలి. ఆగినా దెబ్బ తప్పదనుకున్నవాడు ఎందుకు ఆగుతాడు? ‘సర్వనాశనం చేస్తాం’ తరహా బెదిరింపులు చెడగొట్టేది సరిగ్గా ఈ రెండో నమ్మకాన్నేనని నా అభిప్రాయం.

ఇరాన్ సంగతే చూడండి. ఒమన్ మధ్యవర్తిత్వంతో ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదలైన అణు చర్చలు ఐదు విడతలు నడిచాయి. ఆరో విడత జూన్ 15న మస్కట్‌లో జరగాల్సి ఉండగా, 13న ఇజ్రాయెల్ దాడి మొదలుపెట్టింది. 17న ట్రంప్ ‘బేషరతుగా లొంగిపోవాలి’ అన్నారు. రెండు వారాల్లోపు నిర్ణయం తీసుకుంటారని 19న వైట్‌హౌస్ చెప్పింది. మూడు రోజులకే ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద అమెరికా బాంబులు పడ్డాయి. సైనికంగా అది తెలివైన ఎత్తుగడే కావచ్చు. కానీ ఇకమీదట అమెరికా గడువు చెబితే టెహ్రాన్‌లో దాన్ని గడువుగా లెక్కవేసేదెవరు?

మరి 24న కాల్పుల విరమణ ఎలా కుదిరింది? అల్ ఉదైద్ మీద దాడి చేయబోతున్నామని ఇరాన్ ముందే కబురు చేసింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ముందే చెప్పినందుకు ట్రంప్ బహిరంగంగానే థాంక్స్ చెప్పారు. మధ్యలో ఖతర్ నిలబడింది. పరువు దక్కేంత మేరకు ఇరాన్ ఎదురుదాడి చేసింది, దాన్ని అంతటితో పోనిమ్మని అమెరికా ఊరుకుంది. అంతకుముందు పడ్డ బాంబుల పాత్ర ఏమీ లేదని అనను. అయితే అవి బెదిరింపు కాదు, దెబ్బ. రెండింటినీ కలిపేసి ‘బెదిరింపు ఫలించింది’ అనేయడం మన టీవీ చర్చలకు అలవాటైపోయింది.

సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెట్టడంతో తలెత్తిన 1962 సంక్షోభంలోనూ చాలాకాలం సగం కథే ప్రచారమైంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ గట్టిగా నిలబడ్డారు, సోవియట్ నేత కృశ్చేవ్ తగ్గారు అన్నది ఆ సగం. అక్టోబర్ 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌ను విడిగా కలిశారు. ఇక టైమ్ లేదన్న హెచ్చరిక ఆయన మాటల్లో ఉంది. దాంతోపాటే క్యూబా మీద దండెత్తబోమన్న హామీ, టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులను కొన్ని నెలల్లో తీసేస్తామన్న మాటా ఉన్నాయి. టర్కీ సంగతి మాత్రం బయటికి పొక్కకూడదన్నారు. మర్నాడే కృశ్చేవ్ క్షిపణులు వెనక్కి తీసుకుంటామని ప్రకటించారు. రహస్యం ఏళ్ల తరబడి దాగింది కాబట్టి లోకానికి కనబడింది మొండితనం ఒక్కటే. 1969 అక్టోబర్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ అణు బలగాలను సోవియట్లకు తెలిసేలా అప్రమత్తం చేసి, వియత్నాం విషయంలో మాస్కోను భయపెట్టాలని చూశారు. మాస్కో ఏమీ కదల్లేదు.

అణుబాంబు పడితే ఎవరైనా తల వంచాల్సిందే కదా అనొచ్చు. జపాన్‌లో కూడా అది అంత సూటిగా జరగలేదు. 1945 జులై 26న మిత్రరాజ్యాలు చేసిన పోట్స్‌డామ్ ప్రకటన లొంగకపోతే సర్వనాశనమేనంది, చక్రవర్తి గతి ఏమిటో చెప్పలేదు. హిరోషిమా, నాగసాకి బూడిదయ్యాక, సోవియట్ సైన్యం మంచూరియాలోకి దిగాక కూడా ఆగస్టు 10న టోక్యో పట్టుబట్టింది చక్రవర్తి అధికారాల గురించే. వాషింగ్టన్ సరేననలేదు, కుదరదనీ అనలేదు. చక్రవర్తి మిత్రరాజ్యాల కమాండర్‌కు లోబడి ఉంటారని జవాబిచ్చింది. అంటే, ఉంటారనే కదా! ఆ సందు చాలింది. ఆ మాటేదో జులైలోనే అని ఉంటే ఏమయ్యేదన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తెగని వాదన.

సినిమాల పుణ్యమా అని సీమ అంటే తొడగొట్టుడే అనుకుంటారు. ఇక్కడ వర్గాల మధ్య రాజీ కుదిర్చే పెద్దమనుషుల లెక్క వేరు. నలుగురిలో విసిరిన సవాలును నాయకుడు వెనక్కి తీసుకుందామన్నా, వెంట తిరిగే మనుషులు తీసుకోనివ్వరు. అందుకే రాజీ మాటలు రచ్చబండ మీద కాదు, తలుపులు వేసుకుని జరుగుతాయి. దేశాధినేతలకూ అదే ఇరకాటం, వాళ్ల వెంట ఓటర్లు, చానళ్లు ఉంటాయి. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ సాగుతుండగా కరాచీ ఓడరేవును ధ్వంసం చేసేశామని కొన్ని చానళ్లు రాత్రంతా అరిచాయి. అదేమీ జరగలేదు. ఆ అరుపుల మధ్యే, 9న నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో గోరంట్ల మండలం తండాకు చెందిన అగ్నివీర్ ప్రాణం పోయింది. మర్నాడు మధ్యాహ్నం 3.35కి పాకిస్తాన్ డీజీఎంఓ (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్) మన డీజీఎంఓకు ఫోన్ చేశారు, సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలని అనుకున్నారు. ఆ ఫోన్ వెనక ఎవరి ఒత్తిడి ఎంతన్నది ఢిల్లీ ఒకలా చెబుతుంది, వాషింగ్టన్ ఒకలా చెబుతుంది. ఏ చానల్ స్టూడియోకీ మాత్రం అందులో వాటా లేదు.

2025 జూన్‌లో ఇరాన్‌లో కాల్పులు ఆగినా అసలు చిక్కు తీరలేదు. యుద్ధం మొదలయ్యేనాటికి బాంబు స్థాయికి దగ్గరగా, 60 శాతం శుద్ధి చేసిన యురేనియం 440 కిలోలకు పైగా అక్కడ ఉందని ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) అంచనా. జులై మొదట్లో ఇరాన్ ఆ సంస్థకు సహకారం ఆపేసింది, ఇన్‌స్పెక్టర్లు దేశం విడిచారు. అంతకుముందు స్వయంగా వెళ్లి లెక్క చూసుకున్న సరుకు గురించి, ఆ తర్వాత ఉపగ్రహ చిత్రాలు చూసి ఊహించాల్సి వచ్చింది. ఐదు విడతల చర్చల్లో ఇరాన్ అసలు యురేనియం శుద్ధి చేయొచ్చా, ఆ సరుకును ఏం చేయాలి అన్నది బేరం. జూన్ తర్వాత బేరం అంతకన్నా వెనక్కి, అది ఎక్కడుందో చూపించమని అడగడం దాకా పోయింది.