అడిగితే అనుమానం, వాడకపోతే గౌరవం

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మనిషి పరపతిని కొలిచే పద్ధతి మొన్నమొన్నటి దాకా ఎంత అశాస్త్రీయంగా ఉండేదో తలుచుకుంటే సిగ్గేస్తుంది. స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం వ్యాపారి సరుకు అరువిచ్చే ముందు ఎదుటివాడి తండ్రి పేరు అడిగేవాడు. వేలంలో పొగాకు డబ్బు చేతికి రాగానే ఇస్తానని టంగుటూరు రైతు అంటే ఎరువుల కొట్టాయన ఆ మాట మీదే బస్తాలు బండికెత్తించేవాడు. ఊళ్లో పెద్దమనిషి ఒకాయన "నేనున్నాను గదా" అంటే ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించడం వట్టి లాంఛనమైపోయేది. ఈ అజ్ఞానం నుంచి మనల్ని గట్టెక్కించడానికి, ఎవరు ఎంత అప్పు తీసుకుని ఎలా కట్టారో నివేదిక రాసి బ్యాంకులకు అందించే సిబిల్ అనే సంస్థ 2000లో వెలసింది, 2005లో దానికో చట్టం కూడా సమకూరింది. నేడు దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు మన గుణగణాలను 300 నుంచి 900 దాకా ఉన్న స్కోరు అనే ఒకే ఒక్క అంకెలోకి కుదించి చెబుతున్నాయి. నాలుగింటినీ కలిపి మనవాళ్లు సిబిల్ అనే పిలుస్తారు, అందులో తప్పేమీ లేదు. అప్పిచ్చేవాడి బల్ల ముందు కూర్చున్నప్పుడు ఏ కంపెనీ అంకె చూశాడని ఎవడు ఆరా తీస్తాడు?

ఈ శాస్త్రంలోని లోతు తెలియాలంటే కొత్త క్రెడిట్ కార్డు ఒకటి తీసుకుని చూడాలి. కార్డు కావాలని దరఖాస్తు పెట్టిన మరుక్షణం బ్యాంకు మన నివేదిక తెప్పించుకుంటుంది, తెప్పించుకున్నట్టు ఆ నివేదికలోనే ఒక ఎంక్వైరీ నమోదవుతుంది, ఆ నమోదు వల్ల స్కోరు కొద్దిగా జారుతుంది. కార్డు ఇచ్చారా, లేదు పొమ్మన్నారా అన్నదానితో నిమిత్తం లేదు. అడిగావు, కాబట్టి నీకేదో ఇబ్బంది ఉంది అని శాస్త్రం భావిస్తుంది. ఒకే నెలలో నాలుగు బ్యాంకుల గడప తొక్కినవాడిని గురించి అది ఇంకెంత లోతుగా భావిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. అయితే మన స్కోరు మనమే చూసుకుంటే మాత్రం ఒక్క పాయింటూ పోదు. ప్రతి సంస్థా ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది. చూసుకుంటే తగ్గిపోతుందేమోనన్న భయంతో చూసుకోకుండానే కాలం గడిపే గృహస్థులు మన వీధికి పదిమంది ఉన్నారు, వారి నిగ్రహానికి నమస్కారం.

అక్కడితో పరీక్ష ముగియదు. ఎనిమిదేళ్లుగా ఒకే కార్డును జాగ్రత్తగా వాడుకుంటూ వచ్చినవాడి ఖాతాల సగటు వయసు ఎనిమిదేళ్లు. రెండో కార్డు చేతికొచ్చిన రోజున అది నాలుగేళ్లకు పడిపోతుంది. మనుషుల వయసు తగ్గించే మందు కోసం ప్రపంచమంతా వెతుకుతుండగా, పరపతి వయసును ఒక్క సంతకంతో సగానికి దించే ఉపాయం మన చేతిలోనే ఉంది. విచారమేమిటంటే ఇక్కడ ముసలితనానికే మర్యాద ఎక్కువ.

ఇంతవరకూ వచ్చినవారికి కొత్త కార్డు అంటే కీడేననిపించవచ్చు. అసలు మహిమ ఇప్పుడు మొదలవుతుంది. లక్ష రూపాయల పరిమితి ఉన్న కార్డు మీద నెలకు 60 వేలు ఖర్చు పెట్టేవాడు తన హద్దులో 60 శాతం వాడేస్తున్నాడు కాబట్టి శాస్త్రం దృష్టిలో కష్టాల్లో ఉన్నవాడు. 30 శాతం దాటకుండా ఉంటే మేలని బ్యాంకులవాళ్లు చెబుతుంటారు. అదే మనిషికి రెండు లక్షల పరిమితితో ఇంకో కార్డు ఇచ్చారనుకుందాం. అతను అదే కిరాణా కొట్లో అదే సరుకు కొంటాడు, అదే 60 వేలు ఖర్చు పెడతాడు, జీతం పెరగలేదు, పొదుపు పెరగలేదు, బుద్ధి పెరిగిన దాఖలా కూడా లేదు. కానీ మొత్తం పరిమితి మూడు లక్షలైంది కనుక వాడకం 20 శాతమే! నిన్నటి కష్టజీవి నేటి పెద్దమనిషి. అప్పు కావాలని అడగడం అనుమానాస్పదం, అప్పు అందుబాటులో ఉంచుకుని ముట్టకపోవడం గౌరవప్రదం అనే ఈ సూత్రాన్ని కనిపెట్టినవారు ఎవరో గానీ, మన పెళ్లి భోజనాల్లో మొహమాటపడుతూ కూర్చునే బంధువులను నిశితంగా పరిశీలించి ఉండాలి.

ఇక కార్డులు పుట్టే చోటు గురించి. నెల్లూరులో ఏ షాపింగ్ కాంప్లెక్సు మెట్ల దగ్గర చూసినా ఒక మడత బల్ల, దాని మీద రంగుల కరపత్రాలు, పక్కన ప్లాస్టిక్ కవరు తీయని ట్రాలీ బ్యాగులు, మెడలో ట్యాగు వేసుకున్న ఒక కుర్రవాడు ఉంటారు. మా వీధిలో ఉండే రిటైర్డు మాష్టారు ఒకరిని ఆ కుర్రవాడు ఆపి, "సార్, కార్డు తీసుకుంటే బ్యాగు ఫ్రీ సార్" అన్నాడు. మాష్టారు ఆ బ్యాగు చక్రాలను వేలితో తిప్పి చూసి, జిప్పు రెండుసార్లు లాగి, "ఏందబ్బయ్యా, బ్యాగే ఇచ్చి కార్డు నువ్వే ఉంచుకోకూడదా?" అని అడిగారు. కుర్రవాడికి ఆ నెల టార్గెట్ ఉంది, మాష్టారి హాస్యాన్ని ఆస్వాదించే తీరిక లేదు.

ఆ బ్యాగు ధరెంతో లెక్క వేద్దాం. ఒంగోలులో ఇల్లు కొనుక్కోవడానికి 30 లక్షల రుణం కోసం వెళ్లబోయే గృహస్థు ఒకడు, దానికి నెల ముందు ముచ్చటపడి ఇలాంటి బ్యాగు మూడు బల్లల దగ్గర మూడు తీసుకున్నాడనుకోండి. మూడు ఎంక్వైరీలు, మూడు పసి ఖాతాలు. దాంతో అతని స్కోరు బ్యాంకు పెట్టుకున్న గీతకు ఒక మెట్టు కిందికి జారి, ఎనిమిదిన్నర శాతానికి రావలసిన రుణం ఎనిమిదిముప్పావుకు వచ్చిందనుకుంటే, 20 ఏళ్ల వాయిదాలో నెలకు సుమారు 475 రూపాయలు, మొత్తం మీద లక్షా 14 వేల రూపాయలు అదనం. ఒక్కొక్క బ్యాగు 38 వేలు పడింది. ఆ ధరకు చక్రాలు ఇంకాస్త నునుపుగా తిరగవలసింది.

బ్యాగు తీసుకుని కార్డును బీరువాలో పడేసేవారు తమను తాము తెలివైనవారని అనుకుంటారు. సగం నిజమే. యాక్టివేట్ చేయని కార్డు వివరాలను సిబిల్ వంటి సంస్థలకు పంపకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది, 30 రోజులు దాటితే ఓటీపీ ద్వారా మళ్లీ మన సమ్మతి అడగాలని, సమ్మతి లేకపోతే రుసుము లేకుండా ఖాతా మూసేయాలని కూడా చెప్పింది. కానీ ఎంక్వైరీ ఎక్కడికీ పోదు. పైగా యాక్టివేట్ చేసి మరిచిపోయిన కార్డు ఇంకో రకం. "మొదటి ఏడాది ఫ్రీ" అన్న మాటను "జన్మంతా ఫ్రీ" అని విన్నవాడికి రెండో ఏడాది 500 రూపాయల వార్షిక రుసుము బిల్లు పాత మెయిలుకు వెళ్తుంది, గడువు దాటి మూడు రోజులు మించితే అది బకాయిగా నమోదవుతుంది. ఎంక్వైరీ మచ్చ కొన్నాళ్లకు పలచబడుతుంది గానీ కట్టని బకాయి మచ్చ అంత తేలిగ్గా వదలదు. స్కోరులో అన్నిటికన్నా బరువైనది సకాలంలో కట్టడమే. ఈ ఒక్క విషయంలో మాత్రం శాస్త్రానికీ స్టోన్‌హౌస్‌పేట వ్యాపారికీ అభిప్రాయ భేదం లేదు.

మాష్టారి సంగతి పూర్తి కాలేదు. ఆయన జీవితంలో ఏనాడూ అప్పు చేయలేదు. పిల్లల చదువులూ పెళ్లిళ్లూ జీతంలోంచే గడిపారు, చీటీ పాటల్లో కూడా చివరి నెల దాకా ఆగి ఎత్తుకునేవారు. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని పిల్లలకు బోర్డు మీద రాసి చూపించిన మనిషి. ఇంటి పైకప్పు మరమ్మతుకు చిన్న రుణం కావాలని వెళ్తే బ్యాంకువారు కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పి చూపించారు. చరిత్ర లేదట. ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర పాఠం చెప్పినాయనకు చరిత్ర లేదని తేల్చిన ఆ యంత్రం నిష్పాక్షికతను ఎంత పొగిడినా తక్కువే. మొదటిసారి రుణం అడిగేవారిని కేవలం స్కోరు లేదన్న కారణంతో తిప్పి పంపకూడదని నిబంధనలు చెబుతున్నాయి, 2025లో కేంద్రం పార్లమెంటులోనూ ఆ మాట చెప్పింది. ఢిల్లీ నుంచి మా బ్రాంచికి ఆ మాట బహుశా ప్యాసింజరు బండిలో వస్తోంది.

దీన్ని మన జిల్లా మరింత గంభీరంగా ఆలోచించాలి. సారా వ్యతిరేక ఉద్యమం 1992లో దూబగుంట నుంచి ఊరూరికీ పాకి, ఆ వెనువెంటనే మన నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమాన్ని నిలబెట్టారు. కూలి డబ్బుల్లోంచి రూపాయి తీసి డబ్బాలో వేసిన ఆ క్రమశిక్షణను చూసి రాష్ట్రమంతా నేర్చుకుంది. అలాంటి జిల్లాలో పుట్టి చెబుతున్నాను, సిబిల్ నివేదికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేయండి: దాచుకున్నదానికి అందులో గడి లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ లేదు, పొలం లేదు. తీసుకున్న అప్పు, కట్టిన అప్పు, కట్టని అప్పు, అంతే. పొదుపు సంఘం మహిళకైనా ఆ నివేదికలో ఉనికి కలిగేది ఆమె రూపాయి దాచినప్పుడు కాదు, సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణం తీసుకున్నప్పుడు.

చివరకు మాష్టారికి బ్యాంకువారే మార్గం చూపారు. ఆయన 50 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు, దాని పూచీ మీద అంతకు కాస్త తక్కువ పరిమితితో ఆయనకొక కార్డు ఇచ్చారు. ఇప్పుడాయన ప్రతి నెలా తన డబ్బును తాకట్టు పెట్టి తెచ్చుకున్న అప్పుతో బీపీ మాత్రలు కొని, గడువుకు ముందే కట్టేసి, తన దగ్గర తనే నమ్మకం సంపాదించుకుంటున్నారు. కొన్ని నెలలకు స్కోరు పుట్టింది. 750 దాటగానే ఫోను మోగడం మొదలైంది. నాలుగు లక్షల పర్సనల్ లోను ముందే మంజూరైందని ఒక అమ్మాయి చెబితే, "పైకప్పు నిరుడే వేయించాను తల్లీ, మా వాడు డబ్బు పంపాడు" అన్నారట. ఆ అమ్మాయి పాపం, అయినా సరే తీసుకోమంది.

ఈ పరిస్థితుల్లో నాదొక వినయపూర్వకమైన ప్రతిపాదన. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండుగలో ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె ఉన్నాయి. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు అందుకుంటారు. దీనికి సిబిల్ రొట్టెను కూడా చేర్చితే 780 ఉన్నవారు నీళ్లలో నిలబడి 640 వారికి అందించవచ్చు. అక్కడ చేయి చాచి అడిగినందుకు ఎవరూ పాయింట్లు కోయరు. ఒక్కటే భయం: ఈ కబురు తెలిస్తే ట్రాలీ బ్యాగుల కుర్రవాడు మడత బల్ల తీసుకొచ్చి చెరువు గట్టు మీదే వేస్తాడు.