చంద్రమండలానికి పంచాంగం ఏదీ?

చంద్రుడి మీద కాపురం పెట్టే విషయంలో మన శాస్త్రవేత్తల అలసత్వం చూస్తుంటే ఆందోళన కలుగుతోంది. గాలి ఎలా, నీళ్లు ఎలా, రేడియేషన్ నుంచి కాపాడుకోవడం ఎలా అంటూ చిన్నాచితకా విషయాలకే బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. 2040 నాటికి మనవాణ్ణి అక్కడ దింపుతారట. సంతోషం. దిగినవాడు ఏ ఘడియలో కుడికాలు మోపాలో చెప్పే నాథుడు మాత్రం లేడు.

ఈ విషయంలో అమెరికా వాళ్లే నయం. చంద్రుడికి ప్రత్యేకంగా ఒక కాలమానం సిద్ధం చెయ్యమని 2024 ఏప్రిల్‌లోనే వైట్‌హౌస్ నాసాకు తాఖీదు పంపింది. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కనుక గడియారం మనకంటే రోజుకు 58 మైక్రోసెకన్ల చిల్లర ముందు నడుస్తుందని వాళ్ల లెక్క. ఆ కాలమానానికి పెట్టుకున్న పొట్టిపేరు ఎల్‌టీసీ. సర్కారు ఖర్చుతో సకుటుంబంగా ఊటీ చుట్టొచ్చే మన ఉద్యోగులకు ఆ మూడక్షరాల మహిమ వేరే చెప్పక్కర్లేదు.

మైక్రోసెకన్లకే వాళ్లంత కంగారు పడుతుంటే, మన రాహుకాలం గతేమిటి? పగటిని ఎనిమిది భాగాలు చేసి అందులో ఒకటి రాహువుకు వదిలెయ్యడం మన పద్ధతి. ఇక్కడైతే గంటన్నరతో పోతుంది. చంద్రుడి మీద ఒక సూర్యోదయానికీ మరో సూర్యోదయానికీ మధ్య 29 రోజులన్నర. పగలొక్కటే సుమారు 354 గంటలు. అందులో ఎనిమిదో వంతు అంటే 44 గంటల రాహుకాలం! యమగండానికి మరో 44, గుళికకు ఇంకో 44. దుర్ముహూర్తం, వర్జ్యం ఇందులో కలపలేదు. ఆక్సిజన్ సిలిండరు మార్చుకోవలసిన వ్యోమగామి మంచి ఘడియ కోసం రెండు రోజులు ఊపిరి బిగబట్టి కూర్చోవాలన్నమాట.

పైగా మనకు వారం మారేది సూర్యోదయంతో. ఆ లెక్కన శనివారం ఒక్కపొద్దుండే భక్తుడు అక్కడ నెల పొడవునా ఒంటిపూట తినాలి. ఒక్క రోజులోనే ముప్ఫై తిథులూ గడిచిపోతాయి కాబట్టి కార్తీక మాసమంతా కలిపి ఒక్క రోజే. అది సోమవారం కావడానికి ఏ ఆరేడేళ్లో ఆగాలి. వచ్చిందే అనుకుందాం. నక్షత్ర దర్శనం అయ్యాకే కదా భోజనం? గాలి లేని చోట ఆకాశం పట్టపగలే నల్లగా ఉంటుంది. ఎండకు మెరిసే నేల మీదినుంచి చూపు తిప్పుకుని, ఏ బండ నీడలోనో నిలబడి కాసేపు కళ్లు సర్దుకుంటే చుక్కలే చుక్కలు. పావుగంటలో ఉపవాసం పూర్తి. ఇది చెల్లుతుందో లేదో పీఠాధిపతులు ఇప్పుడే తేల్చకపోతే రేపు అక్కడ రెండు వర్గాలు తయారవుతాయి.

ఇస్రోకు ఆచారం తెలియదని మేం అనడం లేదు. చంద్రయాన్-3 నమూనాను తిరుమల స్వామి పాదాల దగ్గర పెట్టారు. సూళ్లూరుపేట చెంగాళమ్మకు మొక్కారు. 2023 జులై 14 శుక్రవారం, రాహుకాలం దాటిపోయాక, మధ్యాహ్నం 2:35కు శ్రీహరికోట నుంచి పంపారు. ఆగస్టు 23 సాయంత్రం 6:04కు, అక్కడ ఇంకా ఉదయపు ఎండ ఉండగా దింపారు. ఇంతవరకూ శాస్త్రోక్తమే. రెండు వారాల ఆ పగలు గడిచే వేళకు ల్యాండర్ విక్రమ్‌నూ రోవర్ ప్రజ్ఞాన్‌నూ నిద్రపుచ్చారు. మళ్లీ తెల్లవారాక సెప్టెంబరు 22న లేపబోతే రెండూ లేవలేదు. సున్నాకు దిగువన వంద డిగ్రీలు దాటిన చలికి బ్యాటరీలు, పరికరాలు తట్టుకోలేదని వివరణ. లేపిన వేళ ఎలాంటిదో ఒక్కరైనా విచారించారా?

ఇక వాస్తు. అన్ని దేశాలూ చంద్రుడి దక్షిణ ధ్రువం మీదే కన్నేశాయి. అక్కడి గుంతల్లో కోట్ల ఏళ్లుగా ఎండ పడని చోట మంచు ఉందన్న ఆశ. షాకిల్‌టన్ అనే బిలం అంచు సరిగ్గా ధ్రువం దగ్గరే ఉంది. ధ్రువం మీద ఇల్లు కడితే నాలుగు గుమ్మాలూ ఉత్తరానికే తెరుచుకుంటాయి. యముడి దిక్కుకు పోయి నాలుగువైపులా కుబేరుణ్ణి సంపాదించడం మామూలు విషయం కాదు. చంద్రుణ్ణి ఏ దేశమూ సొంతం చేసుకోకూడదని 1967 ఒప్పందం చెబుతోంది కానీ, ఈ 'ఆల్ సైడ్స్ నార్త్ ఫేసింగ్' సంగతి హైదరాబాద్‌లో తెలిసిన మరుక్షణం ప్రీలాంచ్ ఆఫర్ వచ్చేస్తుంది. వచ్చిన చిక్కల్లా ఈశాన్యం లేకపోవడమే. బోరు ఎక్కడ వెయ్యాలి?

వినాయక చవితి గురించి ఎక్కువ చెప్పం. ఆ రాత్రి చంద్రుణ్ణి చూస్తేనే నీలాపనిందలంటే, అక్కడే కాపురమున్నవాడు తల దించుకోవడానికి కూడా లేదు. చంద్రుణ్ణి కాజేయబోతోందంటూ చైనాను అమెరికా ఆడిపోసుకోవడం అప్పుడే మొదలైంది. శ్యమంతక కథ విని అక్షింతలు వేసుకునే అలవాటు ఇద్దరికీ లేదు.

అసలు సమస్య హక్కులది. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో స్పష్టంగా రాశాడు: చంద్రుడి పైభాగంలో పితృదేవతలుంటారు, అమావాస్య నాడు సూర్యుడు సరిగ్గా వాళ్ల నడినెత్తిన ఉంటాడు. మనకు కనపడని అవతలి వైపు అమావాస్యకు మిట్టమధ్యాహ్నం అవుతుందని నాసాను అడిగినా ఒప్పుకుంటుంది. లెక్క సరిపోయింది కనుక నివాసం కూడా రుజువైనట్టే; మన దగ్గర ఇంతకంటే తక్కువ సాక్ష్యంతోనే చాలా విషయాలు రుజువయ్యాయి. కాబట్టి చంద్రుడి అవతలి వైపు మనకు అక్షరాలా పిత్రార్జితం. అలాంటి చోట చైనా వాళ్లు 2019 జనవరిలో తాతలకు ఒక్క మాటైనా చెప్పకుండా దిగారు. 2024లో మళ్లీ దిగి 1,935 గ్రాముల మట్టి తవ్వుకుపోయారు. పంచనామా లేదు, రసీదు లేదు. తద్దినానికి పిండం పెట్టే మనవడికి ఉన్న వాటా సంగతి అంతకన్నా లేదు.

అందువల్ల కేంద్రం వెంటనే ఒక చంద్రమండల పంచాంగ సంఘాన్ని నియమించాలి. ఒక సిద్ధాంతి, ఒక వాస్తు పండితుడు, గొలుసుతో సహా ఒక సర్వేయరు, అర్జీ రాసిపెట్టడానికి ఈ వ్యాసకర్త. వ్యోమగాముల కంటే ముందే వీళ్లు పైకి వెళ్లి నివేదిక ఇవ్వాలి. షరతులు పెద్దగా లేవు. ఆఫీసుకు హాజరయ్యే రోజులు చంద్రుడి లెక్కన, టీఏ, డీఏలు భూమి లెక్కన ఇస్తే చాలు.