ఏ సీటు మంచిది? ‘ఏ’ సీటేనా?

సెలవులు దగ్గరపడితే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. “విమానంలోంచి మంచి దృశ్యాలు చూడాలంటే ఎప్పుడూ ‘ఏ’ సీటే తీసుకోండి. పొద్దున విమానమే ఎక్కండి. రెక్క దగ్గర వద్దు, దానికి ముందున్న వరసల్లో ఏ కిటికీ సీటైనా సరే. రాత్రిపూట కిటికీకి డబ్బులు పెట్టడం దండగ.” వినడానికి బాగానే ఉంది. నమ్మి టికెట్ కొంటేనే చిక్కు.

ముందు ‘ఏ’ (A) సంగతి. విమానం ముక్కు వైపు తిరిగి కూర్చుంటే ‘ఏ’ ఎడమ చివర వస్తుంది. మనం ఎక్కువగా ఎక్కే, నడవాకు అటు మూడు ఇటు మూడు సీట్లుండే విమానాల్లో కుడి చివరది ‘ఎఫ్’. ఢిల్లీ నుంచి కాఠ్‌మాండూకో ఉత్తర బెంగాల్లోని బాగ్‌డోగ్రాకో వెళ్తుంటే విమానం తూర్పుకు పోతుంది, హిమాలయాలు ఉత్తరాన ఉంటాయి, అంటే ఎడమ వైపు. ఆ దారిలో ‘ఏ’ బంగారమే. మెసేజ్ రాసినాయన బహుశా అక్కడికే వెళ్లొచ్చి ఉంటాడు. తిరుగు ప్రయాణంలోనూ అదే ‘ఏ’లో కూర్చుంటే, హిమాలయాలు అవతలి వైపు వాళ్లకు కనిపిస్తుంటే మనం గంగా మైదానం చూసుకుంటూ రావాలి.

కొన్నిచోట్ల దారి తెలిసినా సరిపోదు. విమానాలు గాలికి ఎదురుగా దిగడానికి చూస్తాయి. విశాఖలో నౌకాదళ విమానాశ్రయమైన ఐఎన్‌ఎస్ డేగా రన్‌వేకి రెండు కొసలు, వాటి నంబర్లు 10, 28. సముద్రం మీది నుంచి వచ్చి 28 మీద దిగితే కుడి కిటికీలో బీచ్ రోడ్డు, ఊరు. ఎడమ కిటికీలో డాల్ఫిన్ నోస్, యారాడ కొండ. పడమటి నుంచి వచ్చి 10 మీద దిగితే ఎడమ వైపు సింహాచలం కొండలు వస్తాయి, సముద్రం ఇంకా ముందే ఉండిపోతుంది. టికెట్ కొన్న రోజున ఆ గాలి సంగతి ఎవరు చెప్పగలరు?

ఇక పొద్దున విమానం. మధ్యాహ్నానికి మబ్బులు పేరుకుంటాయి కాబట్టి పొద్దున్నే మేలన్నది చాలావరకు నిజం. అయితే హైదరాబాద్ నుంచి చెన్నైకో తిరుపతికో పొద్దున్నే వెళ్లేటప్పుడు సూర్యుడు ఉండేది ఎడమ వైపే. ‘ఏ’లో కూర్చుంటే కిటికీ మీది గీతలన్నీ తెల్లగా మెరిసి, కింద కృష్ణ ఉందో కాలువ ఉందో తెలియదు. ఆ మెసేజ్‌లో మొదటి సలహాకూ రెండో సలహాకూ అక్కడే పొంతన కుదరదు.

రెక్క అడ్డమన్న మాట జెట్ విమానాలకు సరే. రెక్క వెనక వరసల్లోనూ, ఇంజిన్ నుంచి వచ్చే వేడిగాలికి కింది దృశ్యం ఎండాకాలం తారురోడ్డులా వణుకుతుంది. కానీ చిన్న ఊళ్లకు తిరిగే, పంకాలుండే ఏటీఆర్ విమానంలో రెక్క కిటికీలకు పైన ఉంటుంది. అందులో రెక్క కింద కూర్చున్నా నేల కనిపిస్తుంది.

“ముందు వరసల్లో ఏ కిటికీ సీటైనా” అన్నదగ్గర నాకు ఒళ్లు మండుతుంది. అమ్మ మొదటిసారి విమానం ఎక్కుతోందని, అదనంగా డబ్బు కట్టి రెక్కకు కాస్త ముందు ఎడమవైపు సీటు తీసుకున్నాను. అమ్మ కూర్చుని, పక్కనున్న తెల్లటి ప్లాస్టిక్ గోడను అరచేత్తో తడిమి, “ఏరా, కిటికీ ఏదిరా?” అంది. లేదు. బోయింగ్ 737లో ఏసీ గాలి గొట్టం గోడలోంచి పైకి వెళ్లేచోట కిటికీ పెట్టరు. సీటు అక్షరం మాత్రం ‘ఏ’నే. 2025 ఆగస్టులో అమెరికాలో యునైటెడ్, డెల్టా సంస్థల మీద కొందరు ప్రయాణికులు ఇదే విషయమై కోర్టుకెళ్లారు. డబ్బు కట్టే ముందు, ఆ రకం విమానంలో ఆ వరసకు కిటికీ ఉందో లేదో సీట్ మ్యాపుల సైట్లలో చూసుకోవడం రెండు నిమిషాల పని.

రాత్రిపూట దండగ అన్నదీ ఒప్పుకోను. కనిపించకపోవడానికి సగం కారణం బయటి చీకటి కాదు, లోపలి లైట్లు అద్దంలో పడటం. అమ్మతో ఆ తిరుగు ప్రయాణం రాత్రే. ఈసారి కిటికీ ఉంది. తలనూ అద్దాన్నీ కలిపి శాలువా కప్పుకోమన్నాను. తీరం దాటి సముద్రం మీదికి రాగానే శాలువా లోంచి అమ్మ గొంతు: “ఒరేయ్, చుక్కలు కిందున్నాయేంట్రా?” చేపల పడవల దీపాలు. దిగేదాకా శాలువా తీయలేదు.