కారు డీటెయిలింగ్: డబ్బు మెరుపుకా, పనికా?

కారుని లోపలా బయటా లోతుగా శుభ్రం చేసి, పెయింట్‌ని పాలిష్ చేసే డీటెయిలింగ్ దండగ ఖర్చా, అవసరమా అన్న చర్చ వస్తే సాధారణంగా రెండు మాటలే వినిపిస్తాయి. "నీళ్లు, సబ్బుతో పోయే దుమ్ముకి అంత బిల్లేంటి?" అని ఒకరంటారు. "షోరూం నుంచి అప్పుడే తెచ్చినట్టుంది చూడు" అని ఇంకొకరంటారు. ఇద్దరూ చూసేది పని పూర్తయిన సాయంత్రం కారు ఎలా ఉందన్నదే. ఆ సాయంత్రం ఏ కారైనా తళతళలాడుతూనే ఉంటుంది. నిజాయతీగా రెండు రోజులు కష్టపడిన షాపు నుంచి వచ్చినా, గీతల్ని నూనెలతో కప్పి పంపిన షాపు నుంచి వచ్చినా తేడా కంటికి ఆనదు. అది బయటపడేది నాలుగైదు వాష్‌లు అయ్యాక, కారు మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్నప్పుడు.

అందుకే ఈ ఖర్చుని మెరుపుతో కొలవకూడదని నా అభిప్రాయం. ఎన్ని గంటల పని జరుగుతోంది, ఆ పనిలో కారు పెయింట్ ఎంత అరుగుతోంది, ఆ తర్వాత కారుని ఎవరు ఎలా కడగబోతున్నారు అన్న మూడూ చూడాలి. మొదటిదాన్ని చాలామంది అడుగుతారు. రెండోది షాపువాళ్లు చెప్పరు. మూడోది మన చేతిలోనే ఉంది కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ముందు పెయింట్ సంగతి. ఇప్పటి కార్లలో రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపై ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగు లేని క్లియర్ కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీలో వేసిన ఈ పొరలన్నీ కలిపితే చాలా కార్లకి 100 నుంచి 150 మైక్రాన్ల మందం వస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అనుకుంటే, కారు మెరుపంతా వెంట్రుక కన్నా పల్చటి పొర మీద ఆధారపడి ఉందన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగుని కాపాడే రసాయనాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి.

ఎండలో కారు బానెట్ మీద సాలెగూడులా కనిపించే సన్నటి గీతలు ఈ క్లియర్ కోట్‌లోనే పడతాయి. వాటిని స్వర్ల్ మార్క్స్ అంటారు. దుమ్ము అంటిన గుడ్డతో తుడవడం, ఒకే బకెట్ నీళ్లలో మళ్లీ మళ్లీ గుడ్డ ముంచడం, బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ వాష్‌లోకి పంపడం వీటికి ప్రధాన కారణాలు. అంటే కారుని ఎక్కువగా పాడుచేసేది దాన్ని శుభ్రం చేసే పద్ధతే. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది, ఆ ఇసుకని మనమే పెయింట్ మీద రుద్దుతాం.

పాలిష్ చేసేవాళ్లు ఈ గీతల్ని పూడ్చరు. గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అరగదీసి చదును చేస్తారు. తేలికపాటి పాలిష్‌లో ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి, కాంపౌండ్ అనే గరుకు పేస్టుతో గట్టిగా చేస్తే మూడు నుంచి ఐదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సాన పట్టిన కొద్దీ కత్తి పదునెక్కుతుంది, అరుగుతుంది కూడా. ఇదీ అంతే. ఉన్నదే నలభై చిల్లర, అందులోనూ సగానికి పైగా అలాగే ఉంచాలి. లేకపోతే కొన్నేళ్లకి క్లియర్ కోట్ పొట్టులా లేవడం మొదలవుతుంది. అప్పుడు ఏ డీటెయిలరూ ఏమీ చేయలేరు, మళ్లీ పెయింట్ వేయించాల్సిందే.

ఈ లెక్క తెలిశాక "ఏడాదికి రెండు సార్లు రబ్బింగ్, పాలిషింగ్ ఉచితం" అనే ప్యాకేజీ వరంలా కనిపించదు. నా దృష్టిలో అది కారుకి నష్టం చేసే ఆఫర్. ఒక కారుని పదేళ్లు వాడేవాళ్లకి పూర్తి స్థాయి పెయింట్ కరెక్షన్ (గీతలు పోయేలా కారంతా మెషీన్‌తో పాలిష్ చేయడం) ఒకసారి, మహా అయితే రెండు సార్లు చాలు. మరీ లోతైన గీతల్ని వెంటాడాల్సిన పని కూడా లేదు. గీతకి అడ్డంగా గోరుని నెమ్మదిగా జరిపి చూడండి. గోరు అందులో చిక్కుకుంటే ఆ గీత పాలిష్‌కి లొంగేది కాదు. దాన్ని పూర్తిగా తీయాలని పట్టుబట్టే యజమాని కన్నా, "ఇది తగ్గుతుంది కానీ పోదు, వదిలేద్దాం" అని చెప్పే డీటెయిలర్‌కి ఆ కారు మీద ఎక్కువ శ్రద్ధ ఉన్నట్టు.

మరి మంచి పని జరిగిందో లేదో తెలుసుకోవడం ఎలా? అన్నిటికన్నా తేలికైన కొలత సమయం. కారుని బాగా కడిగి, బ్రేకుల నుంచి ఎగిరి పెయింట్‌లో గుచ్చుకున్న ఇనుప రజనుని రసాయనంతో కరిగించి (ఆ రసాయనం ఇనుముతో కలిసి ఊదా రంగులోకి మారడం కళ్లారా చూడొచ్చు), మిగిలిన గరుకుదనాన్ని క్లే బార్ అనే మెత్తటి బంకముద్దతో తీసి, రబ్బరు అంచులకి టేపు వేసి, ఒక్కో భాగాన్నీ మెషీన్‌తో పాలిష్ చేయడానికి ఒక మామూలు కారుకే కనీసం ఒక రోజు పడుతుంది. రెండు దశల్లో చేస్తే రెండు మూడు రోజులు. "పొద్దున ఇచ్చి మధ్యాహ్నానికి తీసుకెళ్లండి, గీతలన్నీ పోతాయి" అన్నారంటే, ఆ గీతల్ని తీయరు, కప్పేస్తారు. గ్లేజ్ లాంటి మెరుపు పూతల్లో ఉండే నూనెలు, ఫిల్లర్లు సన్నటి గీతల్లోకి చేరి వాటిని కనిపించకుండా చేస్తాయి. నాలుగు వాష్‌లకి అవి కొట్టుకుపోతాయి, గీతలు తిరిగొస్తాయి.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. పాలిష్ అయ్యాక, పైన వ్యాక్స్ గానీ కోటింగ్ గానీ వేయకముందే, ఒక భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (నూనెల్ని వదిలించే స్పిరిట్) కలిపిన నీళ్లతో తుడిచి లైటు వేసి చూపించమని అడగండి. నూనెలు పోయాక కనిపించేదే అసలు పెయింట్. పని చేతనైనవాళ్లు ఈ మాట అడిగినందుకు చిన్నబుచ్చుకోరు, మనం అడక్కముందే వాళ్లే చేసి చూసుకుంటారు. అలాగే పెయింట్ మందం కొలిచే మీటర్ వాడతారా అని అడగాలి. మామూలు మీటర్ పొరలన్నిటి మొత్తం మందాన్నే చూపిస్తుంది, క్లియర్ కోట్‌ని విడిగా చూపదు. అయినా ఒక తలుపు దగ్గర 120, పక్క తలుపు దగ్గర 300 చూపిస్తే అక్కడ రీపెయింట్ జరిగిందని తెలుస్తుంది. పాత కారు కొన్నవాళ్లకి ఆ సమాచారమే బిల్లులో కొంత వసూలైనట్టు.

సెరామిక్ కోటింగ్ దగ్గర జనం ఎక్కువగా దెబ్బతింటున్నారు కాబట్టి దాని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. అది మంచి వస్తువే. సిలికాన్ ఆధారిత రసాయనం పెయింట్ మీద గట్టిపడి, నీళ్లు నిలవకుండా జారేలా చేస్తుంది, మురికి తేలిగ్గా వదిలేలా చేస్తుంది. వ్యాక్స్ వారాల్లోనో ఒకటి రెండు నెలల్లోనో పోతే, ఇది సరిగ్గా వేస్తే ఏళ్ల పాటు ఉంటుంది. కానీ దాని మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు. అంత పల్చటి పొర రాయి దెబ్బని ఆపలేదు, తాళంచెవి గీతనీ ఆపలేదు. ప్రకటనల్లో కనిపించే 9హెచ్ అన్న మాట పెన్సిల్ పరీక్షకి సంబంధించింది. గట్టిదనంలో తేడా ఉన్న పెన్సిళ్లతో పూత మీద గీసి చూస్తారు, ఆ వరుసలో అన్నిటికన్నా గట్టి పెన్సిల్ 9హెచ్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేల్‌తో దానికి సంబంధం లేదు. ఆ స్కేలు మీద ఇసుకలోని క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది, గ్రాఫైట్ పెన్సిల్ ఆ దరిదాపుల్లో కూడా ఉండదు. కాబట్టి దుమ్ము గుడ్డతో రుద్దితే సెరామిక్ వేసిన కారుకీ గీతలు పడతాయి.

నీటి మరకల విషయమూ అంతే. గుండ్రంగా నిలిచిన నీటి బొట్టు ఎండకి ఆరిపోతే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు అక్కడే గట్టిపడతాయి. బొట్లు అందంగా నిలవడం ఫోటోకి బాగుంటుంది, బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేసే కారుకి మంచిది కాదు. పక్షి రెట్ట పడితే కోటింగ్ మనకి కొంత వ్యవధి ఇస్తుందే తప్ప, వారం రోజులు వదిలేయమని అనుమతి ఇవ్వదు. ఇక ఐదేళ్ల వారంటీ అన్నప్పుడు కాగితం చదవాలి. చాలా వారంటీల్లో ఏటా డబ్బు కట్టి చెకప్ చేయించుకోవాలన్న షరతు ఉంటుంది. నీటి మరకలు, రెట్టలు, గీతలు అందులో రావని రాసి ఉంటుంది. మనం భయపడేవే అవి.

కొత్త కారు డెలివరీ రోజున షోరూంలో అంటగట్టే కోటింగ్‌ని నేనైతే వద్దనే అంటాను. కారు చేతికొస్తున్న సంతోషంలో ఉన్నప్పుడు అడుగుతారు, లోన్‌లో కలిపేస్తారు, అలా ఏళ్ల తరబడి దానికి వడ్డీ కూడా కడతాం. కొత్త కారు మీద కూడా రవాణాలోనూ, హడావుడి వాష్‌లోనూ పడ్డ గీతలు ఉంటాయి. వాటిని సరిచేయకుండా పైన కోటింగ్ వేస్తే ఆ గీతల్నే ఏళ్ల పాటు భద్రపరిచినట్టవుతుంది. అదే డబ్బుతో బయట ఒక మంచి డీటెయిలర్ తేలికపాటి పాలిష్ చేసి, దానిపై కోటింగ్ వేస్తే నిజంగా విలువైన పని అవుతుంది. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు రాళ్ల దెబ్బల గురించి టెన్షన్ పడుతుంటే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) వైపు చూడాలి. అది 150 నుంచి 200 మైక్రాన్ల పాలీయురేథేన్ ఫిల్మ్, దెబ్బని నిజంగానే తీసుకుంటుంది. కారంతా వేయించనక్కర్లేదు, ముందు బంపర్, బానెట్ అంచు, సైడ్ మిర్రర్ల వెనక భాగం చాలు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. బయటి మెరుపు కన్నా లోపలి శుభ్రతకి పెట్టే డబ్బే నాకు ఎక్కువ న్యాయంగా అనిపిస్తుంది. కారు బయట భాగాన్ని చూసేది వీధిలోవాళ్లు, లోపల గాలి పీల్చేది మనమూ పిల్లలూ. సీటు మీద ఒలికిన పాలు, వాంతి, తడి కార్పెట్ కింద పట్టిన బూజు పైపైన తుడిస్తే పోవు. సీటు ఫోమ్ లోపలికి నీళ్లు, క్లీనర్ పంపి వెంటనే బయటికి లాగేసే ఎక్స్‌ట్రాక్టర్ మెషీన్ ఇళ్లలో ఉండదు, అద్దెకి దొరికినా సీటుని తడిపేసి ఆరబెట్టలేక వాసన పెంచుకునేవాళ్లే ఎక్కువ. ఇక్కడ నిపుణుడి పని వెంటనే కనిపిస్తుంది, దానివల్ల కారు ఏమీ అరగదు.

అయితే వాసన ఎక్కడి నుంచి వస్తోందో వెతకకుండా ఓజోన్ మెషీన్ పెట్టి గంటలో పని ముగించేవాళ్లని నమ్మకూడదు. ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేసే వాయువు, పెట్టినప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు, తర్వాత తలుపులు తెరిచి బాగా గాలి ఆడనివ్వాలి. తలుపు రబ్బరు నుంచో, ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోవడం వల్లో లోపలికి నీరు దిగుతుంటే ముందు దాన్ని బాగు చేయించాలి. ఏసీ వేయగానే వాసన వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ మార్చి చూడాలి. స్టీరింగ్, పెడల్స్ మీద జారుడుగా ఉండే డ్రెస్సింగ్ (మెరుపు కోసం పూసే ద్రవం) పూయొద్దని ముందే చెప్పాలి, అది ప్రాణానికి సంబంధించిన విషయం.

హెడ్‌లైట్లూ అలాంటివే. వాటి పాలీకార్బొనేట్ అద్దాలు ఎండకి పసుపెక్కితే రాత్రి వెలుతురు తగ్గుతుంది. కొత్త సెట్ కొనే బదులు వాటిని సన్నటి శాండ్‌పేపర్‌తో రుద్ది పాలిష్ చేయించుకోవడం తెలివైన పని. రుద్దడంతోనే ఆపకుండా పైన యూవీ పూత వేస్తున్నారా అని మాత్రం తప్పక అడగాలి, అది లేకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పసుపెక్కుతాయి.

కారు అమ్మే ముందు డీటెయిలింగ్ చేయించాలా? లోపల శుభ్రం చేయించి, తేలికగా ఒక పాలిష్ వేయించడం వరకూ సరే. కొనేవారికి కారు మీద మొదటి అభిప్రాయం అక్కడే ఏర్పడుతుంది. అమ్మేసే కారుకి సెరామిక్ కోటింగ్ మాత్రం వద్దు, దాని ఖర్చు ధరలో తిరిగి రావడం కష్టం.

చివరికి ఈ ఖర్చు నిలబడుతుందా లేదా అన్నది తర్వాతి వాష్‌లే తేలుస్తాయి. రెండు రోజుల పాటు చేయించిన పెయింట్ కరెక్షన్‌ని మురికి గుడ్డతో తుడిస్తే ఒక్క ఆదివారంలో పాడుచేయొచ్చు. రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో కారు రుద్దే గ్లవ్ కడుక్కునే మంచినీళ్లు. ముందు నీళ్లు కొట్టి దుమ్ము వదిలించి, నీడలో, పై నుంచి కిందికి కడిగి, శుభ్రమైన మైక్రోఫైబర్ టవల్‌తో అద్ది ఆరబెట్టాలి. పొడి దుమ్ము మీద గుడ్డ వేయకూడదు. చక్రాలకి వాడిన గుడ్డ పెయింట్ దగ్గరికి రాకూడదు. కారు కడిగే పని వేరొకరికి అప్పగించినవాళ్లు ఈ సామాను వాళ్లకి కొనిచ్చి, ఒకసారి దగ్గరుండి చూపించి, అందుకు పట్టే అదనపు సమయానికి డబ్బు కూడా పెంచాలి. పది నిమిషాల్లో ముగించాల్సిన మనిషి జాగ్రత్తగా కడగాలని కోరడం న్యాయం కాదు. ఈ మార్పుకి సిద్ధంగా లేనివాళ్లు పెయింట్ కరెక్షన్, కోటింగ్ రెండూ పక్కన పెట్టి, ఆ డబ్బుతో లోపలి సీట్లు, హెడ్‌లైట్లు బాగు చేయించుకుంటే మేలు.